వంటింటి కబుర్లు: వెన్నకు బదులు ఏది?

రాజేంద్రనగర్ దగ్గర బుద్వేల్ నుంచి ఒక చెల్లెమ్మ పెద్ద ఉత్తరం రాసింది. ఇంట్లోనే చిన్న ఒవెన్ పెట్టుకుని బిస్కెట్లు చేసి, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో అమ్ముతోందట. ఈమధ్య వెన్న ధర చూస్తే చేతిలో మిగిలేది ఏమీ ఉండటం లేదనీ, సరుకులిచ్చే దుకాణదారేమో వెన్న మానేసి బేకరీ కొవ్వు వాడమని, ఖర్చు సగానికి సగం తగ్గుతుందని ఒకటే చెబుతున్నాడనీ రాసింది. ఇంకో చిక్కు కూడా ఉంది. కిందటేడు వాళ్ల మామగారికి గుండెకు స్టెంట్ వేశారు. ఆయనకు సాయంత్రం చాయ్‌తో రెండు బిస్కెట్లు పడాల్సిందే. వేరే ఇళ్లకు చేసిన డబ్బాలోంచే ఆయనకూ తీసి పెడుతోంది. నెయ్యి మంచిదా, నూనె మంచిదా, డాల్డా వేస్తే ఏమవుతుంది, ఏదో ఒక్కటి చెప్పండి అక్కా అని అడిగింది.

ఒక్కటి చెప్పడం కుదరదు చెల్లెమ్మా! మీరు అడిగింది ఒక ప్రశ్న కాదు, రెండు. అమ్మే బిస్కెట్ వేరు, మామగారి బిస్కెట్ వేరు. రెండింటికీ ఒకే కొవ్వు వెతుక్కుంటున్నారు, తంటా అంతా అక్కడే వచ్చింది. ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య చాలా వస్తున్నాయి కాబట్టి ఈ వారం పేజీ మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

ముందు అసలు వెన్న బిస్కెట్‌లో ఏం పని చేస్తుందో చూద్దాం. ఇది మనకు తెలియనిదేం కాదు. చెక్కలకూ, జంతికలకూ పిండి కలిపేటప్పుడు వెన్నగానీ కాచిన నూనెగానీ ఎందుకు పోస్తాం? గుల్లగా రావాలని. పిండి రేణువులకు కొవ్వు పట్టేస్తే నీళ్లు లోపలికి చేరవు, పిండి సాగదు, కొరికితే పుటుక్కున విరుగుతుంది. బిస్కెట్‌లో వెన్న చేసే మొదటి పని ఇదే. ఈ పని ఏ కొవ్వయినా చేస్తుంది, నూనెతో సహా.

రెండో పని గాలి పట్టడం. మెత్తబడిన వెన్నలో చక్కెర వేసి గిలకొడితే చక్కెర పలుకులు వెన్నను గీసుకుంటూ పోయి వేలకొద్దీ గాలి బుడగలు చేస్తాయి. ఒవెన్‌లో బిస్కెట్ పొంగేది వీటి వల్లే. బేకింగ్ పౌడర్ కొత్త బుడగలు పుట్టించదు, ఉన్నవాటినే పెద్దవి చేస్తుంది. ఈ పని గట్టిగా పేరుకున్న కొవ్వు మాత్రమే చేయగలదు. నూనెను గంటసేపు గిలకొట్టినా గాలి నిలవదు.

మూడోది రుచి. వెన్నలో కొవ్వు నూటికి 80 పాళ్లు ఉంటుంది. మిగతాదాంట్లో చాలా వరకు నీళ్లే, సుమారు 16 పాళ్లు. ఆ మిగిలిన కాస్తలో పాల పదార్థం ఉంటుంది. అది ఒవెన్ వేడికి ఎర్రబడటం వల్లనే ఆ కమ్మటి వాసన వస్తుంది. 100 గ్రాముల వెన్న తీసేసి 100 గ్రాముల నెయ్యో నూనో పోసి, బిస్కెట్లు జారిపోయాయి, అట్టులా పరుచుకున్నాయి అని బాధపడేవాళ్లు ఈ 80 అంకెను గుర్తుపెట్టుకుంటే చాలు.

అన్నట్లు, మన హైదరాబాదు ఎండల సంగతి కూడా చెప్పుకోవాలి. వెన్న గిలకొట్టడానికి బాగుండేది 18, 20 డిగ్రీల దగ్గర. 32 దాటితే కరగడం మొదలవుతుంది. మే నెలలో మన వంటిళ్లలో 38కి తక్కువ ఎక్కడుంది? గట్టు మీద పెట్టిన వెన్న పావుగంటలో పాయసం అయిపోతుంది. చలిదేశాల వంటపుస్తకాల్లో "వెన్నను బయట పెట్టి మెత్తబడనివ్వండి" అని రాసింది చదివి మనమూ అలాగే చేస్తే ఎలా? వేసవిలో గిన్నె కింద ఐసు ముక్కల పళ్లెం పెట్టుకుని గిలకొట్టండి. కలిపిన పిండిని అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, ఆ తర్వాతే ఒవెన్‌లో పెట్టండి. కొవ్వు మార్చకముందే సగం కష్టం దీనితో తీరుతుంది.

ఇక నెయ్యి దగ్గరికి వద్దాం. నా మటుకు నాకు వెన్నకు బదులు అంటే మొదట గుర్తొచ్చేది నెయ్యే. నిజం చెప్పాలంటే నాన్‌ఖటాయికి నెయ్యి బదులు కాదు, అసలు సరుకే అది. 100 గ్రాముల వెన్నకు 80 గ్రాముల నెయ్యి, ఒక టేబుల్ స్పూను పాలు లెక్క వేసుకోండి. నెయ్యి మాత్రం కరిగినది పనికిరాదు. పేరి, పూసకట్టినది కావాలి. కరిగిన నెయ్యి పోస్తే అది నూనె పోసినట్లే. వేసవిలో నెయ్యి గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టి, చెంచాతో తీస్తే ముద్దగా వచ్చేలా ఉన్నప్పుడు బయటికి తీసి, పొడి చక్కెరతో తెల్లబడేదాకా చేత్తో మర్దించండి. చెయ్యి నొప్పి పుట్టేదాకా అని మా పెద్దవాళ్లు అనేవారు. పది నిమిషాలు చాలు. గేదె నెయ్యి ఆవు నెయ్యికన్నా కాస్త గట్టిగా పేరుతుంది, ఈ పనికి అదే నయం.

నెయ్యిలో ఒక్కటే లోటు, వెన్నలోని పాల పదార్థం అందులో ఉండదు. కాచేటప్పుడే అది అడుగుకు చేరిపోతుంది. అయితే ఇంట్లో వెన్న కాచేవాళ్లకు ఆ లోటు కూడా లేదు. నెయ్యి వంపేశాక అడుగున ఎర్రగా మిగిలే గసి ఉంటుంది చూడండి, పిల్లలకు చక్కెర కలిపి పెడతామే, అది ఒక చెంచాడు మెత్తగా నలిపి బిస్కెట్ పిండిలో కలపండి. వెన్న బిస్కెట్ వాసనే వస్తుంది. ఏ దుకాణంలోనూ దొరకని సరుకు ఇది!

ఇంట్లో చిలికిన వెన్ననే నేరుగా వేయవచ్చా అని కొందరు అడిగారు. వేయవచ్చు. కాకపోతే దాంట్లో మజ్జిగ ఎక్కువ ఉంటుంది, కొనే వెన్న కన్నా నీళ్ల పాలు ఎక్కువ. చల్లటి నీళ్లలో రెండుమూడుసార్లు కడిగి, గట్టిగా పిండి, గుడ్డలో ఆరనిచ్చి అప్పుడు తూచుకోండి. కాస్త పులుపు తగులుతుంది, ఉప్పు బిస్కెట్లకు అది బాగానే ఉంటుంది. దుకాణంలో కొనేది ఉప్పు వెన్న అయితే విడిగా ఉప్పు వేయకండి.

నెయ్యి ఖరీదు కదా అంటారా? లెక్క వేసి చూడండి. కిలో వెన్న చేసే పనికి 800 గ్రాముల నెయ్యి చాలు. అంటే కిలో నెయ్యి ధర కిలో వెన్న ధరకు పావు వంతు ఎక్కువున్నా ఖర్చు ఒకటే అవుతుంది. మీ దుకాణంలో ఈ రెండు ధరలూ పక్కపక్కన రాసుకుని చూశాకే నెయ్యి ఖరీదని తేల్చండి.

ఇప్పుడు ఆ దుకాణదారు చెప్పిన సంగతి. డాల్డా అంటే మన ఇళ్లలో ఒక కాలం గుర్తుకొస్తుంది. 1937లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. పసుపు డబ్బా మీద పచ్చటి చెట్టు బొమ్మ. ఖాళీ డబ్బాలో తులసి మొక్క పెట్టని ఇల్లు ఉండేది కాదు. నూనెను హైడ్రోజన్‌తో గట్టిపరిచి చేసేదే వనస్పతి. నెయ్యిలా కనబడుతుంది కాబట్టి నెయ్యిలో కలిపి మోసం చేస్తారని, పట్టుకోవడానికి వీలుగా వనస్పతిలో నూటికి 5 పాళ్లయినా నువ్వుల నూనె కలిపి తీరాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. నువ్వుల నూనె ఉంటే పరీక్షలో ఎర్ర రంగు తేలుతుంది, దొంగ దొరికిపోతాడు. మన నువ్వులు పోలీసు పని కూడా చేశాయన్నమాట!

బేకరీలకు డాల్డా అంత నచ్చడానికి కారణం చవక ఒక్కటే కాదు. అది మన ఎండలకు కూడా కరిగిపోదు, అందులో నీళ్లుండవు, గాలి బాగా పడుతుంది, బిస్కెట్ నెలల తరబడి పాడవదు. పని విషయంలో వంక పెట్టడానికి లేదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద పిలిచే మన ఉస్మానియా బిస్కెట్ సంగతే చూడండి. తీపి, ఉప్పు కలిసిన ఆ రుచికి పాలూ వెన్నా ప్రాణం. అయినా చాలా బేకరీల్లో వెన్న జాగాలోకి వనస్పతి వచ్చి కూర్చుంది. ఇరానీ చాయ్‌లో ముంచి తినేవాళ్లకు తేడా తెలియకపోవచ్చు. ఉత్తి బిస్కెట్ నోట్లో వేసుకుంటే తెలుస్తుంది. వెన్నది కరిగిపోతుంది, వనస్పతిది అంగిట్లో మైనంలా పట్టుకుంటుంది. వెన్న మన ఒంటి వేడికి కరిగేది, గట్టిపరిచిన కొవ్వు అంత సులువుగా కరగదు మరి.

ఒకప్పుడు మన ఊళ్లలో పిండి, చక్కెర, నెయ్యి మనమే పట్టుకెళ్లి బేకరీలో ఇచ్చి, రేకు డబ్బా నిండా బిస్కెట్లు చేయించుకునే అలవాటు ఉండేది, జ్ఞాపకం ఉందా? చాలామంది తల్లులు అక్కడే నిలబడి పిండి కలిపేదాకా కదిలేవారు కాదు. మన నెయ్యి తీసి పక్కన పెట్టి డాల్డా వేసేస్తాడేమోనని అనుమానం! ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు.

అసలు చెడు ఎక్కడుందంటే, నూనెను సగం గట్టిపరిచినప్పుడు ట్రాన్స్ కొవ్వు పుడుతుంది. రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది, మంచిదాన్ని తగ్గిస్తుంది. రెండు వైపులా దెబ్బే. అందుకే మన ఆహార భద్రతా సంస్థ నూనెల్లో, కొవ్వుల్లో ఇది నూటికి 3 పాళ్లు మించరాదని 2021 నుంచీ, 2 పాళ్లు మించరాదని 2022 నుంచీ కట్టడి చేసింది. కాబట్టి ఇప్పటి డాల్డా మన అమ్మలు వాడిన డాల్డా కాదు, ఈ మాట న్యాయంగా చెప్పాలి. అయితే ఆ గట్టిదనం ఎక్కడినుంచో రావాలి కదా! ఇప్పుడది ఎక్కువగా పామాయిల్ నుంచి వస్తోంది, అంటే సంతృప్త కొవ్వు ఉండనే ఉంది. విడిగా, పేరులేని కవరులో తూచి ఇచ్చే బేకరీ కొవ్వు మాత్రం ఎంత చవకైనా ముట్టుకోకండి. అందులో ఏముందో అమ్మేవాడికే తెలియదు. వాడక తప్పదంటే పేరూ, తయారీ వివరాలూ, ట్రాన్స్ కొవ్వు ఎంతో అచ్చు వేసిన ప్యాకెట్టే కొనండి.

మార్జరిన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వెన్నలాగే 80 పాళ్ల కొవ్వూ, మిగతా నీళ్లూ ఉన్న రకమైతే వెన్న ఎంతో అదీ అంతే వేయవచ్చు. పని జరుగుతుంది, రుచి ఉండదు. రొట్టె మీద రాసుకునే తక్కువ కొవ్వు రకాలు మాత్రం వద్దు, వాటిలో నీళ్లే ఎక్కువ. కొబ్బరి నూనె అంటారా... తలకు రాసుకునేది బిస్కెట్‌లో ఏమిటని మనవాళ్లు ముఖం చిట్లిస్తారు కానీ, కొబ్బరి బిస్కెట్లకు బాగానే ఉంటుంది. అది 24, 25 డిగ్రీలకే కరుగుతుంది. డిసెంబరులో రాయిలా ఉంటుంది, ఏప్రిల్‌లో నీళ్లలా ఉంటుంది. మామగారికి మాత్రం పనికిరాదు, దాదాపు అంతా సంతృప్త కొవ్వే. అరటిపండు గుజ్జు, ఆపిల్ గుజ్జు వేసి కొవ్వే లేకుండా చేయమని కొందరు చెబుతారు. వచ్చేది మెత్తటి కేకు ముక్క, బిస్కెట్ కాదు.

ఇక నూనెలు. చెల్లెమ్మా, ఈ విషయంలో మీరు ఉన్న ఊరు మామూలు ఊరు కాదు! నూనె గింజల మీద దేశమంతటికీ పరిశోధన చేసే సంస్థ 1977 నుంచీ రాజేంద్రనగర్‌లోనే ఉంది. నువ్వులు, కుసుమలు, పొద్దుతిరుగుడు, అవిసెలు, వెర్రినువ్వులు, ఆముదం వాళ్ల పంటలు. జొన్నల కోసం మొదలై ఇప్పుడు చిరుధాన్యాలన్నిటి మీదా పనిచేసే జాతీయ సంస్థ కూడా అక్కడే ఉంది. జొన్న రవ్వ, జొన్న అటుకులు, జొన్న బిస్కెట్లు చేసే పద్ధతులు వాళ్లు రూపొందించారు, చిన్న వ్యాపారం పెట్టుకునేవాళ్లకు శిక్షణ కూడా ఇస్తారు. మీ ఇంటి నుంచి ఆటో దూరం. ఒక పూట వెళ్లి అడిగి రండి.

జొన్నల మాట ఎందుకు తెచ్చానంటే, నూనెకూ జొన్నపిండికీ బాగా కుదురుతుంది. గాలి పట్టలేకపోవడమే నూనె లోటు. జొన్నపిండిలో మైదాలా సాగే గుణం లేదు, అది దానంతటదే గుల్లగా ఉంటుంది, గాలి లేని లోటు అంతగా తెలియదు. మైదాతో నూనె బిస్కెట్ చేస్తే గట్టిగా, చెక్కలా వస్తుంది. జొన్నతో చేస్తే కరకరలాడుతుంది. నూనె పోసి వెన్న బిస్కెట్ చేయాలని చూడకండి, నూనెకు తగిన బిస్కెట్ చేయండి. వేరుశనగ నూనె, నువ్వుల నూనె వాసన బెల్లంతో కలిస్తే నువ్వులుండ గుర్తొస్తుంది. వాసన వద్దనుకుంటే తవుడు నూనె, పొద్దుతిరుగుడు నూనె, కుసుమ నూనె ఉన్నాయి.

అమ్మకానికి నెయ్యి జొన్న నాన్‌ఖటాయి ఇలా చేయండి.

కావలసినవి: జొన్నపిండి 75 గ్రాములు, గోధుమపిండి 75 గ్రాములు, శనగపిండి 25 గ్రాములు, పొడి చక్కెర 85 గ్రాములు, పేరిన నెయ్యి 100 గ్రాములు, బేకింగ్ పౌడర్ అర టీస్పూను, యాలకుల పొడి అర టీస్పూను, ఉప్పు చిటికెడు.

నెయ్యి, చక్కెర తెల్లగా నురుగు తేలేదాకా మర్దించి, జల్లించిన పిండ్లు, మిగతావి వేసి కలపండి. చపాతీ పిండిలా పిసకకూడదు, ముద్దకు వస్తే చాలు. రాకపోతే ఒక చెంచాడు పాలు చిలకరించండి. అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, 20 గ్రాముల ఉండలు చేసి, కాస్త అదిమి, ఎడం ఎడంగా పేర్చి 165 డిగ్రీల ఒవెన్‌లో 16 నుంచి 18 నిమిషాలు ఉంచండి. 18 బిస్కెట్లు వస్తాయి. తీయగానే మెత్తగా ఉంటాయి, కంగారుపడి మళ్లీ లోపల పెట్టకండి. చల్లారితే గట్టిపడతాయి. ఒవెన్ లేనివాళ్లు పాత కుక్కర్‌లో గుప్పెడు ఇసుక పోసి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి, పది నిమిషాలు వేడి చేసి, లోపల స్టాండు మీద పళ్లెం పెట్టి సన్న సెగ మీద 25 నిమిషాలు ఉంచితే సరి.

మామగారికి: ఇదే కొలతలో నెయ్యి తీసేసి 75 గ్రాముల వేరుశనగ నూనె, రెండు టేబుల్ స్పూన్ల చిక్కటి పెరుగు వేయండి. నూనె, పెరుగు, చక్కెర కవ్వంతో కలిపి చిక్కబడ్డాక పిండ్లు వేయాలి. శనగపిండిని ముందుగా దోరగా వేయించుకుంటే వెన్న లేదన్న సంగతి ఆయన కనిపెట్టలేరు. కాస్త పల్చగా అదమండి.

తేడా ఎంతో చూడండి. నెయ్యి బిస్కెట్ ఒక్కదాంట్లో నెయ్యి అయిదున్నర గ్రాములు, అందులో సంతృప్త కొవ్వు 3 గ్రాముల పైమాటే. నూనె బిస్కెట్‌లో నూనె 4 గ్రాములు, సంతృప్త కొవ్వు ఒక గ్రాము లోపే. అలాగని నాలుగు తినమని కాదు. చక్కెర రెండింట్లోనూ ఒకటే, నూనె కూడా కొవ్వే. స్టెంట్ వేయించుకున్న మనిషికి రోజుకు ఎన్ని పెట్టవచ్చో చెప్పాల్సింది ఆయన్ని చూసే డాక్టరు గారు. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లి ఆయనకు చూపించండి. ముఖ్యంగా, ఈ డబ్బా వేరుగా పెట్టండి. అమ్మకం డబ్బాలోంచి తీసి పెట్టడం ఇక మానేయండి.

ఉత్తరం చివర మీరు చిన్నగా రాసిన మాట ఒకటుంది. సగం వెన్న, సగం బేకరీ కొవ్వు వేసి ప్యాకెట్ మీద వెన్న బిస్కెట్ అనే రాస్తే ఎవరికి తెలుస్తుంది అని. ఎవరికీ తెలియకపోవచ్చు. కానీ మీ మామగారి లాంటి పెద్దాయన ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒకరుంటారు, వాళ్ల కోడళ్లు మీ ప్యాకెట్ మీది అక్షరాలు చూసే కొంటారు. ఏ పదార్థం ఎక్కువుంటే అది ముందు, తక్కువది తర్వాత, ఇలా వరసగా అన్నీ రాయాలన్నది నిబంధన కూడా. నెయ్యి వేస్తే నెయ్యి అని, వేరుశనగ నూనె వేస్తే వేరుశనగ నూనె అని పెద్ద అక్షరాలతో రాయండి. వెన్న ధరతో పోటీపడి చిన్నబోవడం కన్నా "నేతి జొన్న నాన్‌ఖటాయి" అని చిన్న ప్యాకెట్ చేసి, దాని ధర దానికి పెట్టండి. కొనేవాళ్లు కొంటారు. ఆహార భద్రతా సంస్థ దగ్గర నమోదు ఇంకా చేయించుకోకపోతే ముందు ఆ పని చూడండి.

ఎన్నాళ్లు నిలవ ఉంటాయో తేదీ వేయడానికి మాత్రం నా మాట మీద ఆధారపడకండి. నెయ్యివి గాలి చొరని డబ్బాలో మూడు వారాలు, నూనెవి పది రోజులు అని నా అంచనా. కుసుమ, పొద్దుతిరుగుడు నూనెలకు పాత నూనె వాసన త్వరగా వస్తుంది. ప్రతి రకంలోనూ ఒక ప్యాకెట్ అమ్మకుండా పక్కన పెట్టి, వారానికొకటి తీసి వాసన చూసి, తిని చూడండి. ఏ వారం ముఖం చిట్లించారో దానికి ముందు వారం తేదీ వేయండి. వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి విడివిడిగా చూడాలి సుమా!